ఫోర్ట్ సమ్టర్: మొదటి గుండు ఎవరు పేల్చారు? అసలు ఎందుకు పేల్చారు?



మొన్న నేనొక షార్ట్ పెట్టాను. నలభై సెకన్ల వీడియో. "34 గంటలు ఫిరంగులు పేలాయి, మూడు వేలకు పైగా గుండ్లు పడ్డాయి, ఒక్కరు కూడా చనిపోలేదు, అమెరికా అంతర్యుద్ధం ఇలా మొదలైంది" అని. బాగానే చూశారు, థాంక్స్. కానీ కామెంట్స్‌లో ఒకరు "అన్నా, అంతా చెప్పావ్, అసలు ఎందుకు కొట్టుకున్నారో చెప్పలేదేంటి?" అని అడిగారు. చదివాక నాకు కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే నిజంగానే చెప్పలేదు. నలభై సెకన్లలో పట్టదని వదిలేశాను. వదిలేసిందే అసలు విషయం.

కాబట్టి ఈ ఎపిసోడ్ ఆ తప్పు దిద్దుకోవడానికి. నిదానంగా వెళ్దాం.

ఎక్కడ జరిగింది?

అమెరికా మ్యాప్ తీస్తే కుడివైపు కింద, అట్లాంటిక్ ఒడ్డున సౌత్ కరోలినా అనే రాష్ట్రం కనిపిస్తుంది. అందులో చార్లెస్టన్ అనే రేవు పట్నం ఉంది. ఆ రేవులోకి ఓడలు వచ్చే దారిలో, నీళ్ళ మధ్యలో రాళ్ళు పోసి ఒక దీవి కట్టారు. దాని మీద ఇటుకలతో ఐదు గోడల కోట. అదే ఫోర్ట్ సమ్టర్. పని మొదలైంది 1829లో. ముప్ఫై ఏళ్ళు దాటినా పూర్తవ్వలేదు. గవర్నమెంట్ కాంట్రాక్టులు ఎక్కడైనా అంతే అనుకోండి. 650 మంది సైనికులు, 135 ఫిరంగులు ఉండేలా ప్లాన్ వేశారు. 1860 డిసెంబర్ నాటికి అక్కడ పనివాళ్ళు తప్ప సైన్యమే లేదు.

ఈ సగం కట్టిన కోట కోసం ఒక దేశం రెండు ముక్కలై కొట్టుకుంది. ఎందుకో చూద్దాం.

అసలు గొడవ ఏంటి?

1860 నవంబర్ 6న అబ్రహాం లింకన్ అమెరికా అధ్యక్షుడిగా గెలిచాడు. దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో ఆయన పేరు బ్యాలట్ మీద కూడా లేదు. అయినా గెలిచాడు. అప్పట్లో లింకన్ పార్టీ చెప్పింది ఏంటంటే, బానిసత్వం ఇప్పటికే ఉన్న రాష్ట్రాల జోలికి వెళ్ళం, కానీ కొత్త ప్రాంతాలకు దాన్ని పాకనివ్వం. గమనించండి, "రద్దు చేస్తాం" అని కూడా అనలేదు. "ఇక పెరగనివ్వం" అన్నారంతే.

ఆ మాత్రానికే సౌత్ కరోలినా డిసెంబర్ 20న దేశం నుంచి విడిపోతున్నాం అని ప్రకటించేసింది. ఎందుకంత భయం? 1860 జనాభా లెక్కలు చూడండి. ఆ రాష్ట్రంలో మొత్తం జనం ఏడు లక్షల మూడు వేల పైచిలుకు. అందులో నాలుగు లక్షల రెండు వేల మంది బానిసలు. అంటే ప్రతి వంద మందిలో 57 మంది ఇంకొకరి ఆస్తి. పొలం, గొడ్డు, బండి, వాటితో పాటు మనిషి కూడా ఆస్తి లెక్కల్లోనే. దేశం మొత్తం మీద అలాంటివాళ్ళు దాదాపు 40 లక్షల మంది.

ఇప్పుడు కొందరు అంటారు: "అది బానిసత్వం కోసం జరిగిన యుద్ధం కాదు బ్రో, రాష్ట్రాల హక్కుల కోసం." ఈ మాట మీరు చాలాచోట్ల వింటారు. సరే, వాళ్ళ కాగితమే తీసి చూద్దాం. మేమెందుకు విడిపోతున్నామో కారణాలు చెబుతూ సౌత్ కరోలినా ఒక ప్రకటన ఇచ్చింది. అందులో పెద్ద ఫిర్యాదు ఏంటో తెలుసా? మా దగ్గర్నుంచి పారిపోయిన బానిసల్ని పట్టి తిరిగి అప్పగించకుండా ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకుంటున్నాయి అని! అంటే వేరే రాష్ట్రం తన హక్కు వాడుకుంటే వీళ్ళకి కోపం వచ్చింది. ఇక్కడ రాష్ట్రాల హక్కు ఎక్కడుంది? ఆ తర్వాత కొన్ని నెలలకి, 1861 మార్చి 21న, వీళ్ళు కొత్తగా పెట్టుకున్న కాన్ఫెడరసీ దేశానికి ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ సవానా ఊళ్ళో స్టేజీ ఎక్కి, నల్లవాళ్ళు తెల్లవాళ్ళతో సమానం కాదు అనేదే మా ప్రభుత్వానికి పునాది అని బాహాటంగా చెప్పాడు. వాళ్ళే దాచుకోలేదు. మనం ఎందుకు దాచాలి?

ఒక మేజర్, ఒక చీకటి రాత్రి

చార్లెస్టన్‌లో ఉన్న చిన్న అమెరికా దళానికి అధికారి మేజర్ రాబర్ట్ ఆండర్సన్. ఈయన కథే వేరు. పుట్టింది కెంటకీలో, అదీ బానిసత్వం ఉన్న రాష్ట్రమే. భార్యది జార్జియా. ఒకప్పుడు ఈయనకీ బానిసలు ఉండేవాళ్ళు. చుట్టరికాలన్నీ దక్షిణాదితోనే. కానీ వేసుకున్న యూనిఫాం అమెరికాది, చేసిన ప్రమాణం అమెరికాకి.

ఆయన దళం ఒడ్డున ఫోర్ట్ మౌల్ట్రీ అనే పాత కోటలో ఉండేది. దాని పక్కనే ఇసుక దిబ్బలు, ఇళ్ళు. ఎవడైనా దిబ్బ ఎక్కి లోపలికి కాల్చొచ్చు. దాంతో డిసెంబర్ 26 రాత్రి ఆండర్సన్ గుట్టుగా తన మనుషుల్ని పడవలెక్కించి, నీళ్ళ మధ్యలో ఉన్న సమ్టర్‌కి మార్చేశాడు. వచ్చేముందు పాత కోటలో ఫిరంగులు శత్రువుకి పనికిరాకుండా చేయించాడు. తెల్లారేసరికి ఊరంతా గోల.

1861 జనవరి 9న స్టార్ ఆఫ్ ద వెస్ట్ అనే ఓడ సమ్టర్‌కి సరుకులు, మనుషుల్ని తీసుకొచ్చింది. ఒడ్డు నుంచి సిటాడెల్ మిలిటరీ కాలేజీ కుర్రాళ్ళు దాని మీద ఫిరంగులు పేల్చారు. మన బీటెక్ వయసు పిల్లలే. ఓడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆండర్సన్ దగ్గర ఫిరంగులున్నాయి, కానీ తిరిగి పేల్చలేదు. పేల్చి ఉంటే యుద్ధం ఆ రోజే మొదలయ్యేది.

డెడ్‌లాక్

మనలో కంప్యూటర్స్ చదివినవాళ్ళకి డెడ్‌లాక్ తెలుసు కదా. రెండు ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి, ఏదీ కదలదు. సమ్టర్ దగ్గర మూడు నెలలు అదే పరిస్థితి. ఆండర్సన్ కోట ఖాళీ చెయ్యడు. వాళ్ళు సరుకులు రానివ్వరు. ఫిబ్రవరికల్లా ఏడు రాష్ట్రాలు విడిపోయి కాన్ఫెడరసీ అని పేరు పెట్టుకున్నాయి, జెఫర్సన్ డేవిస్ అధ్యక్షుడయ్యాడు. చార్లెస్టన్‌కి జనరల్ బోరెగార్డ్‌ని పంపాడు. ఈ బోరెగార్డ్ ఎవరనుకున్నారు? వెస్ట్ పాయింట్ మిలిటరీ కాలేజీలో ఆండర్సన్ దగ్గర ఫిరంగుల పాఠాలు నేర్చుకున్న స్టూడెంట్! ఇప్పుడు ఆ పాఠాలతోనే గురువు చుట్టూ ఫిరంగులు పెట్టించాడు. వాటి కోసం మట్టి తవ్వినవాళ్ళలో, దుంగలు మోసినవాళ్ళలో బానిసలు ఉన్నారు. తమని బానిసలుగా ఉంచడానికి జరిగే యుద్ధానికి తమ చేతులతోనే గుంతలు తవ్వించారు.

అయితే ఈ డెడ్‌లాక్‌లో ఒక టైమర్ నడుస్తోంది. అది ఆకలి. కోటలో తిండి అయిపోతోంది.

మార్చి 4న లింకన్ ప్రమాణం చేశాడు. మర్నాడే ఆయన బల్ల మీదికి వచ్చిన వార్త ఏంటంటే, సమ్టర్‌లో తిండి ఇంకొన్ని వారాలకే ఉంది. సైన్యాధిపతి స్కాట్ వదిలేద్దాం అన్నాడు. విదేశాంగ మంత్రి సీవర్డ్ కూడా అంతే. వదిలేస్తే ఏమవుతుంది? వాళ్ళు వేరే దేశం అని ఒప్పుకున్నట్టే. పోనీ యుద్ధనౌకలతో కాల్చుకుంటూ వెళ్తే? మొదట దాడి చేసింది లింకనే అవుతాడు. ఇంకా విడిపోని వర్జీనియా లాంటి రాష్ట్రాలు కూడా అటు వెళ్ళిపోతాయి.

లింకన్ మూడో దారి పట్టాడు. సౌత్ కరోలినా గవర్నర్‌కి ముందుగానే కబురు పంపాడు, ఏప్రిల్ 8న చేరింది. అందులో సారాంశం ఇది: సమ్టర్‌కి తిండి మాత్రమే పంపుతున్నాం. మీరు అడ్డుకోకపోతే, మీకు చెప్పకుండా మనుషుల్ని గానీ ఆయుధాల్ని గానీ పంపం.

ఒక్కసారి ఆలోచించండి. ఇప్పుడు నిర్ణయం ఎవరి చేతుల్లోకి వెళ్ళింది? డేవిస్ చేతుల్లోకి. ఆకలితో ఉన్నవాళ్ళకి వచ్చే అన్నం పడవ మీద గుండు వెయ్యాలా, వద్దా? లింకన్ తెలివిగా వాళ్ళని ఇరికించాడు అనేవాళ్ళున్నారు. ఎత్తు ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఇరుక్కోకుండా ఉండే దారి కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. పడవని రానిస్తే సరిపోయేది.

మూడు రోజులు ఆగలేకపోయారా?

ఏప్రిల్ 11 మధ్యాహ్నం బోరెగార్డ్ మనుషులు తెల్లజెండా పడవలో కోటకి వచ్చారు. ఖాళీ చెయ్యమన్నారు. ఆండర్సన్ కుదరదన్నాడు. కానీ వాళ్ళు వెళ్తుంటే, మీరు మమ్మల్ని ముక్కలు చెయ్యకపోయినా కొద్ది రోజుల్లో ఆకలితో మేమే వెళ్ళిపోవాల్సి వస్తుంది అన్న అర్థంలో ఒక మాట అన్నాడు. ఇది విని వాళ్ళు అర్ధరాత్రి దాటాక మళ్ళీ వచ్చారు. ఎప్పుడు వెళ్తావో చెప్పు అన్నారు. 15వ తేదీ మధ్యాహ్నం, ఈలోగా నాకు సరుకులో వేరే ఆదేశాలో రాకపోతే అన్నాడు.

మూడు రోజులు! ఆగితే కోట ఊరికే చేతికొచ్చే అవకాశం ఉంది. ఎందుకు ఆగలేదు? ఒకటి, సరుకుల ఓడలు దారిలో ఉన్నాయి. రెండోది నా దృష్టిలో ఇంకా ముఖ్యం. వాళ్ళ వేడి చల్లారిపోతోంది. ఏప్రిల్ 4న వర్జీనియా సమావేశం విడిపోవద్దని ఓటేసింది. పెద్ద రాష్ట్రం రాకపోతే ఏడు రాష్ట్రాల దేశం ఎన్నాళ్ళు నిలబడుతుంది? వర్జీనియా నాయకుడు రోజర్ ప్రయర్ ఏప్రిల్ 10న చార్లెస్టన్‌కి వచ్చి, మీరు ఒక్క దెబ్బ కొట్టండి, మా రాష్ట్రం మీ వెంట వస్తుంది అని జనాన్ని ఎగదోశాడు.

12వ తేదీ తెల్లవారుజామున 3:20కి ఆండర్సన్ చేతికి కాగితం ఇచ్చారు. గంటలో కాల్పులు మొదలవుతాయి అని. ఆయన వాళ్ళతో చేతులు కలిపి పడవ దాకా సాగనంపాడు. ఇప్పుడు వినండి. మొదటి గుండు పేల్చే గౌరవం తీసుకోమని అదే రోజర్ ప్రయర్‌ని అడిగారు. జనాన్ని ఎగదోసినాయన. "నా వల్ల కాదు" అనేశాడు. మైకు ముందు మాట వేరు, ఫిరంగి ముందు చెయ్యి వేరు.

4:30కి ఫోర్ట్ జాన్సన్ నుంచి ఒక మోర్టార్ గుండు పైకి లేచి, సమ్టర్ మీద ఆకాశంలో పేలింది. అదీ సిగ్నల్. చుట్టూ ఉన్న ఫిరంగులన్నీ మొదలెట్టాయి.

34 గంటలు

కోటలో సైనికులు, అధికారులు కలిపి 85 మంది దాకా. పనివాళ్ళు 43 మంది. చుట్టూ బోరెగార్డ్ దగ్గర వేల మంది. ఊళ్ళో జనం మేడలెక్కి చూస్తున్నారు.

తిరిగి పేల్చడానికి ఆండర్సన్ తెల్లారేదాకా ఆగాడు. ఏడు గంటలప్పుడు మొదటి గుండు వేసింది కెప్టెన్ అబ్నర్ డబుల్‌డే. బేస్‌బాల్ కనిపెట్టాడని ఈయన మీద ఒక కథ ఉంది. అది అబద్ధం, అది వేరే ఎపిసోడ్. పై అంతస్తులో పెద్ద ఫిరంగులున్నా, అక్కడ మనుషులు చనిపోతారని ఆండర్సన్ ఎవర్నీ పైకి ఎక్కనివ్వలేదు. అందుకే ప్రాణాలు దక్కాయి. మందు నింపే సంచులు అయిపోతే చొక్కాలు, దుప్పట్లు చింపి సంచులు కుట్టారు. కుట్టడానికి కోట మొత్తానికి ఆరు సూదులు.

సరుకుల ఓడలు రేవు బయటకి వచ్చాయి. కోటలోంచి కనిపిస్తున్నాయి కూడా. కానీ సముద్రం అల్లకల్లోలంగా ఉంది. రావాల్సిన పెద్ద యుద్ధనౌక పౌహటాన్, వాషింగ్టన్‌లో ఆదేశాల గందరగోళం వల్ల ఫ్లోరిడాకి వెళ్ళిపోయింది. ఒక టీం ఇచ్చిన అప్రూవల్ ఇంకో టీంకి తెలియదు. మన ఆఫీసుల్లో చూసిందే. అక్కడ సర్వర్ పడిపోతుంది, ఇక్కడ కోట పడిపోయింది.

రెండో రోజు ఎర్రగా కాల్చిన ఇనుప గుండ్లు వేశారు. బ్యారక్స్ అంటుకున్నాయి. మంట మందుగుండు గది వైపు వస్తుంటే పీపాల్ని సముద్రంలోకి దొర్లించారు. పొగకి ఊపిరాడక నేల మీద పడుకుని, ముఖాలకి తడి గుడ్డలు కట్టుకున్నారు. మధ్యాహ్నం జెండా కర్ర విరిగింది. ఆ తర్వాత కాసేపటికి ఆండర్సన్ లొంగిపోయాడు.

మర్నాడు, ఏప్రిల్ 14న, దిగిపోయే ముందు తమ జెండాకి వంద ఫిరంగుల వందనం చేస్తామని అడిగాడు. ఒప్పుకున్నారు. ఆ వందనం మధ్యలో మందు ముందే పేలిపోయి డేనియల్ హఫ్ అనే సైనికుడు అక్కడికక్కడే చనిపోయాడు. ఐర్లండ్ నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవాడు. గాయపడిన ఇంకొకరు తర్వాత చనిపోయారు. వందనం యాభైతో ఆపేశారు. కాబట్టి నా షార్ట్‌లో "ఒక్కరూ చనిపోలేదు" అన్నది కాల్పుల వరకే నిజం.

సున్నా అనే అంకె

ఆ సున్నా చూసి వాళ్ళు పొరబడ్డారు. నేనూ పొరబడ్డాను. ఊళ్ళో గంటలు మోగించి పండగ చేసుకున్నారు. యుద్ధం ఇంత సుళువా అనుకున్నారు. ఏప్రిల్ 15న లింకన్ 75,000 మంది వాలంటీర్లు కావాలన్నాడు. ఎన్ని రోజులకి? 90 రోజులకి. మన ఐటీ కంపెనీలో నోటీస్ పీరియడ్ అంత. ఆ పిలుపు తర్వాత వర్జీనియా, అర్కన్సా, టెనెసీ, నార్త్ కరోలినా కూడా విడిపోయాయి. మొత్తం పదకొండు. 90 రోజులు కాస్తా నాలుగేళ్ళయ్యాయి. సున్నాతో మొదలైన లెక్క ఆరు లక్షలు దాటింది.

ఇంకో లెక్క ఉంది. మేరీ చెస్నట్ అనే ఆవిడ ఆ రోజుల్లో చార్లెస్టన్‌లో ఉండి డైరీ రాసింది. కోటకి కబురు తీసుకెళ్ళిన వాళ్ళలో ఒకడైన జేమ్స్ చెస్నట్ భార్య. ఊరంతా ఫిరంగుల చప్పుడుతో ఊగిపోతుంటే, ఇంట్లో బానిసల ముఖాల్లో మాత్రం ఏమీ కనిపించట్లేదని, వినపడనట్టే పని చేసుకుంటున్నారని ఆవిడ గమనించింది. వీళ్ళకి అర్థం కావట్లేదా, లేక మౌనంగా తమ టైం కోసం చూస్తున్నారా అని ఆవిడకి అనుమానం వచ్చింది.

దానికి జవాబు పదమూడు నెలలకి వచ్చింది. 1862 మే 13. అదే రేవు. రాబర్ట్ స్మాల్స్, వయసు 23, బానిస. కాన్ఫెడరేట్ సైన్యం వాడుకుంటున్న ప్లాంటర్ అనే ఆవిరి ఓడని నడపడం అతని పని. రాత్రి తెల్ల అధికారులు ఊళ్ళోకి వెళ్ళగానే, తోటి బానిసలతో కలిసి ఓడ స్టార్ట్ చేశాడు. దారిలో భార్యాబిడ్డల్ని, ఇంకొందరిని ఎక్కించుకున్నాడు. కెప్టెన్ టోపీ పెట్టుకుని, కెప్టెన్‌లా నిలబడి, ఒక్కో కోట దగ్గర సరైన విజిల్ సిగ్నల్ ఇస్తూ వెళ్ళాడు. అన్నిటికంటే ప్రమాదమైన చోటు ఫోర్ట్ సమ్టర్. దాన్ని దాటినప్పుడు టైం దాదాపు తెల్లవారుజామున నాలుగున్నర. కాపలావాళ్ళు మనోడే అనుకుని పోనిచ్చారు. ఫిరంగులు అందని దూరం వెళ్ళాక తెల్ల దుప్పటి ఎగరేసి, ఓడని అమెరికా నౌకాదళానికి అప్పగించాడు. ఆ తర్వాత ఏళ్ళకి అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యాడు.

1865 ఏప్రిల్ 14న, సరిగ్గా నాలుగేళ్ళకి, ఆండర్సన్ మళ్ళీ వచ్చి అదే జెండాని సమ్టర్ మీద ఎగరేశాడు. స్మాల్స్ కూడా ప్లాంటర్‌లో వచ్చాడు. అదే రోజు రాత్రి వాషింగ్టన్‌లో లింకన్‌ని కాల్చారు.

మొదటి గుండు ఎవరు పేల్చారు అంటే జవాబు ఈజీ. కాన్ఫెడరేట్లు, ఏప్రిల్ 12, 4:30. కానీ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతే, మనం ఇద్దరు సైనికాధికారుల మర్యాదలు, చేతులు కలుపుకోవడాలు, వందనాలు చూసి "అబ్బా, ఎంత పద్ధతిగా చేశారు" అనుకుంటాం. వాళ్ళు దేన్ని కాపాడుకోవడానికి ఆ గుండు పేల్చారో అడిగితేనే, ఇంట్లో గిన్నెలు తోముతూ ఆ చప్పుడు వింటున్న మనిషి కూడా కథలోకి వస్తాడు. నా షార్ట్‌లో ఆ మనిషి లేడు. దాని కింద ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేస్తున్నాను.

అడిగిన ఆ తమ్ముడికి థాంక్స్. ఇంకేమైనా తప్పు చెప్పి ఉంటే కామెంట్స్‌లో చెప్పండి, చదువుతాను. మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ.